మత్తిచ్చాక మనిషి ఎక్కడికి పోతాడు

ఉద్యోగం చేసినన్నాళ్లూ జనాన్ని పడుకోబెట్టి జీతం తీసుకున్నాను. మత్తు డాక్టర్ని. నేను నోరు తెరిస్తే చాలు మనుషులు నిద్రపోతారనీ, సర్కారు అనవసరంగా మందులు కొంటోందనీ మా ఆయన అనేవాడు. ఆయన చాలాసార్లు నా మాటల మధ్యలోనే నిద్రపోయాడు కాబట్టి కాదనడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఈ చదువులో కొత్తగా చేరిన మా మేనకోడలు మొన్న ఇంటికొచ్చి, "అత్తమ్మా, నీ అనుభవాలు రాయరాదు, మాకు అక్కెరకొస్తయి" అంది. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవరి మీద ఎవరు అర్జీ పెట్టారో రాస్తే నాకే చదవబుద్ధి కాదు. మందుల మోతాదులు మీ పుస్తకాల్లో ఉన్నాయి. నేను చదివినప్పటి నుంచి అవి ఎన్నోసార్లు మారాయి కూడా. మారనిది ఒక్క ప్రశ్న. కరీంనగర్‌లోనైనా, ఉట్నూర్‌లోనైనా, బల్ల మీద పడుకున్న మనిషి ఏదో ఒక రకంగా అదే అడిగేవాడు. "మేడం, నువ్వు మత్తిచ్చినంక నేను ఏడికి పోత?"

నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. కానీ తెలియదని చెప్పే మత్తు డాక్టరు చేతికి ఎవరు చెయ్యిస్తారు? అందుకని "మంచిగ నిద్రపోతవ్, గంతే" అని సూది గుచ్చేదాన్ని. అవతలి మనిషి ఇంకో ప్రశ్న వేసే స్థితిలో ఉండడు కాబట్టి ఆ జవాబుతో చాలా ఏళ్లు నెట్టుకొచ్చాను.

బాపు చెప్పింది, పెద్దసారు చెప్పింది

మా బాపు పల్లెటూళ్లో మిషన్ బడి పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం కూడా చెప్పేవాడు. శరీరం దేవుడి ఆలయమని ఆయన గట్టి నమ్మకం. ఆ ఆలయానికి చక్కెర వ్యాధి, మూలశంక రెండూ ఉండేవి. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవల వల్ల కాలేజీ మూతపడి ఇంట్లో కూర్చున్నప్పుడు, సగం చదువు పొగరుతో, "ఆలయానికి మరమ్మతు కావాలె బాపూ" అన్నాను. "మొదలు లోపలోన్ని సక్కగుంచుకోవాలె బిడ్డా, గోడల సంగతి తర్వాత" అన్నాడు. మూలశంక ఆపరేషన్ రోజున మాత్రం లోపలివాణ్ని పూర్తిగా మరిచిపోయి గోడల గురించే అరిచాడు. చర్చి సంఘం మొత్తం వరండాలో నిలబడి విన్నది.

చదువయ్యాక కరీంనగర్‌లో నేను చేరిన ఆసుపత్రిలో సర్జన్‌ను అందరూ పెద్దసారు అనేవారు. భూములున్న ఇంటి మనిషి. వారమంతా పొట్టలు కోసి, ఆదివారం వరి కోయించేవాడు. నాకూ కత్తి పట్టాలని ఉండేది. అడిగితే, "ఆడపిల్లవు, రకతంల నీకెందుకమ్మా, తలకాయ కాడ కూసోని మత్తియ్యి" అన్నాడు. ఆ రోజుల్లో మత్తు విభాగంలో ఆడవాళ్లు ఎక్కువ ఉండటానికి కారణం మా సున్నిత మనస్తత్వమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆయన చెయ్యి బంగారం, నోరు మోరీ. మత్తులో ఉన్న మనిషి గురించి ఆయన సిద్ధాంతం ఒకటుండేది. "కిరాయిదారు ఇల్లు ఖాళీ జేసిండనుకో. మనం లోపట సున్నమేస్తున్నం. మాపటికి తిరిగొస్తడు. గోడలకు చెవులుంటయా?" అనేవాడు. అందుకని ఖాళీ ఇంట్లో ఏమైనా మాట్లాడేవాడు. పేషెంటు పొట్టను బియ్యం బస్తాతో పోల్చేవాడు, సొంత అల్లుణ్ని తిట్టేవాడు, ఎమ్మెల్యేని ఇంకా తిట్టేవాడు. మధ్యమధ్యలో నన్నడిగేవాడు, "ఏందమ్మా, పడుకుందా? కదులుతలేదు గద?" కదలడం లేదని చెబితే పడుకుందని అర్థం చేసుకునేవాడు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. మేమిచ్చే మందులు మూడు వేర్వేరు పనులు చేస్తాయి. ఒకటి తెలివి తీస్తుంది, ఒకటి నొప్పి తీస్తుంది, ఇంకొకటి కండలను కట్టేస్తుంది. మూడోది ఎక్కితే మనిషి రెప్ప కూడా ఎత్తలేడు, ఊపిరి కూడా మేమే ఊదాలి. సర్జన్‌కు కనిపించేది ఆ మూడోదే. పొట్ట మెత్తగా ఉంటే ఆయనకు లోకమంతా ప్రశాంతంగా ఉన్నట్టే.

పారతో వైద్యం

కొన్నాళ్లు నన్ను ఆదిలాబాద్ జిల్లాకు పంపారు. ఉట్నూర్ చుట్టుపక్కల అడవి పల్లెలకు జీపులో వెళ్లి క్యాంపులు పెట్టేవాళ్లం. అక్కడొక ముసలాయన పాదం గొడ్డలి దెబ్బ తగిలి కుళ్లిపోయింది. తీసేయక తప్పలేదు. నడుముకి సూది ఇచ్చి కింది సగం మొద్దుబార్చాను. మెలకువగానే ఉండి, కాలు ఎటు తీసుకెళ్తున్నారని అడిగాడు. పారేస్తామంటే ఒప్పుకోలేదు. "సచ్చినంక మొత్తం మనిషిని పోవాలె గద. అప్పుడు గా కాలును ఏడ ఎతకాలె?" అన్నాడు. క్యాంపుకొచ్చిన సర్జన్ నవ్వాడు. ముసలాయన నవ్వలేదు. చివరికి గుడ్డలో చుట్టి ఇచ్చాం. తీసుకెళ్లి తన చేను గట్టున పాతిపెట్టుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత జీపు మళ్లీ అటు వెళ్తే కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు. బొటనవేలు మెలిపెట్టినట్టు గుంజుతోందన్నాడు. ఏ కాలిదని అడిగాను. "పోయిన కాలుదే" అన్నాడు. పాతిపెట్టేటప్పుడు వేలు మడతపడిందేమోనని ఆయన అనుమానం. తవ్వి సరిచేయమంటావా అని అడిగాడు. లేని వేలుకు మందు నా దగ్గర లేదు, ఆయన దగ్గర పార ఉంది. తవ్వమన్నాను. నొప్పి తగ్గిందని తర్వాత కబురు వచ్చింది. ఎందుకు తగ్గిందో మీ ప్రొఫెసర్లను అడగండి. వాళ్లు చాలాసేపు మాట్లాడతారు.

కల్లు తాగుడు కాదు

కరీంనగర్‌కు తిరిగొచ్చాక నేర్చుకున్న పాఠం ఇది. మా జిల్లాల్లో పనిచేయబోయేవాళ్లు గోడ మీద రాసిపెట్టుకోండి. పేషెంటును "తాగుతవా?" అని అడిగితే "రామ రామ, లేదు మేడం" అంటాడు. నమ్మి మామూలు మోతాదు ఇచ్చారనుకోండి, ఆయన పైకి చూస్తూ తన ఎద్దు గురించి చెబుతాడు. ఇంకొంచెం ఇస్తే ఆ ఎద్దును కన్న ఆవు గురించి చెబుతాడు. అప్పుడు మీరు బయటికి పరుగెత్తి ఆయన పెళ్లాన్ని అడిగితే, "తాగడు మేడం, పొద్దుగాల జరంత, మాపటికి జరంత కల్లు, గంతే" అంటుంది. కల్లు వాళ్లకు అన్నంతో పాటు లెక్క. తాగుడంటే సారా.

ఇంకో తిరకాసు కూడా ఉండేది. ఆ రోజుల్లో కొన్ని కల్లు దుకాణాల్లో నిద్రమందు పొడి కలిపేవారు. అంటే నేను డిగ్రీ చదివి ఇస్తున్నదే అక్కడ సీసాల్లో అమ్ముతున్నారు. వాళ్ల పేషెంట్లు రోజూ మళ్లీ వచ్చేవారు కూడా.

అలాంటి మనిషికి ఆపరేషన్ చేసి వార్డులో పడుకోబెడితే రెండు మూడు రోజుల్లో కల్లు లేక ఒళ్లు తిరగబడుతుంది. ఒకాయన కిటికీ ఊచలెక్కి పాములొచ్చాయని కేకలు పెట్టాడు. మత్తులో ఆయన పాణం బయటికి పోయినప్పుడు ఇంకెవరిదో లోపలికి దూరిందని ఇంటివాళ్లు ఏడ్చారు. పిచ్చి లేచిందని పెద్దసారు మంచానికి కట్టించాడు. మేం నిద్రమందు సిద్ధం చేసేలోపు ఆ పేషెంటు భార్య టిఫిను డబ్బాలో ఏదో పట్టుకొచ్చి తాగించింది. దయ్యం వెంటనే దిగిపోయింది, ఆయన పాలు కావాలని అడిగాడు.

ఈ పాఠం నేను అవసరానికి మించి నేర్చుకున్నాను. ఎవరు వింతగా మాట్లాడినా కల్లు ఎంత పడుతుందని అడగడం అలవాటైంది. లచ్చవ్వను కూడా అదే అడిగాను.

లచ్చవ్వ

ఎనభైల మొదట్లో ఒక మధ్యాహ్నం, పెద్దపల్లి అవతలి పల్లె నుంచి ఎడ్లబండి మీద, తర్వాత బస్సులో తీసుకొచ్చారామెను. నాట్లు వేసే మనిషి, ముప్పై లోపు వయసు. అంతకు ముందు ఏడాది వేరే ఊళ్లో ఒక ప్రైవేటు దవాఖానలో పొట్ట కోసి ఆడబిడ్డను తీశారు. ఆ కోత దగ్గర పేగు బయటికి తోసుకొచ్చి గడ్డలా ఉండేది. ఇప్పుడది ఇరుక్కుపోయింది. గడ్డ గట్టిపడి నల్లబడుతోంది, వాంతులు ఆగడం లేదు, బీపీ కిందికి పోతోంది. పెద్దసారు వేలితో నొక్కి చూసి, ఇప్పుడే కోయకపోతే పేగు కుళ్లి మనిషి దక్కదని చెప్పాడు.

లచ్చవ్వ అంది, "కోస్తే కొయ్యుండ్రి. మత్తు మాత్రం వద్దు."

నర్సులు నవ్వారు. వాళ్లాయన మల్లేశం చేతులు జోడించి, ఆమె మాట పట్టించుకోవద్దన్నాడు. చంకలో పసిపిల్లతో ఉన్న అత్త ముందుకొచ్చింది. "గా ఆపరేషన్ అయినకాన్నుంచి దీనికి గాలి పట్టింది డాక్టరమ్మా. పండుకోదు. పండుకున్నా లేసి సేతులు ఆడిచ్చి సూస్కుంటది. తలుపు పెట్టనియ్యది. గీ పొల్లను నేనే సాదుతున్న, దాని సేతికి ఇయ్యాలంటే నాకు బుగులైతాంది. యాపకొమ్మలతోని కొట్టిచ్చినం, తాయెత్తు కట్టిచ్చినం, ఏం లాభం లేదు."

నేను స్టూలు లాక్కుని కూర్చుని, "కల్లు తాగుతవా లచ్చవ్వా?" అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అంత నొప్పిలోనూ తిట్టడానికి ఓపిక తెచ్చుకుంది. "కల్లు కాదు, గాలి కాదు. నేను మెలకువతోనున్న. గాళ్లు నా కడుపు కోస్తుంటే మెలకువతోనున్న. రెప్ప లేవలే. ఒర్రిన, నోరు రాలే. ఎవ్వనికి ఇనవడలే."

పెద్దసారు తల అడ్డంగా ఊపాడు. "కల వచ్చింటది. ఖాళీ ఇల్లమ్మా, ఎవరుంటరక్కడ?"

నాకూ సగం అదే అనిపించింది. అయినా ఏం విన్నావని అడిగాను. లచ్చవ్వ కళ్లు మూసుకుని చెప్పింది. "గా డాక్టరు నా పొట్ట జూసి బర్రె యాదికొస్తుందన్నడు. ఆడామె నవ్వింది. సినిమా టికెట్లు దొరికినయా అని అడిగిండు. గప్పుడు ఇంకొకాయన, గ్యాస్ అయిపోయింది సార్, సిలిండర్ మార్చాలె అన్నడు. డాక్టరు, కదులుతలేదు గద, కానియ్యి అన్నడు. గంతే. కానిచ్చిండ్రు."

నాట్లు వేసే మనిషి కలలో మత్తు గ్యాస్ సిలిండర్ రాదు. పెద్దసారు మొహం చూశాను. తెల్లబడింది. ఇన్నేళ్లు తను సున్నం వేసిన ఇళ్లలో ఎంతమంది కిరాయిదార్లు మంచం కింద దాక్కుని తన అల్లుడి కథ విన్నారో అని లెక్కేసుకుంటున్నట్టున్నాడు. నాకైతే ఏడుపొచ్చింది. కోత కన్నా, ఏడాదిపాటు ఆ మాట నమ్మేవాళ్లు ఒక్కరూ లేకపోవడమే నాకు ఘోరంగా తోచింది.

"నువ్వు జెప్పేది నిజమే లచ్చవ్వా. గాలి లేదు, పిచ్చి లేదు. వాళ్లిచ్చిన మత్తు సాలలేదు. నీ ఒళ్లును కట్టేసిండ్రు, నిన్ను పండవెట్టలే."

ఆమె అటు తిరిగి, "గీ మాట మా అత్తకు జెప్పు" అంది. చెప్పాను. ముసలామె పిల్లను ఇంకో చంకకు మార్చుకుని కోడలి మొహం చూసింది.

నమ్మినంత మాత్రాన పేగు ఆగదు. బీపీ అలా ఉన్నప్పుడు నడుముకి సూది ఇస్తే గుండె ఆగొచ్చు. పూర్తి మత్తే ఇవ్వాలి, కండలు కట్టేయాలి, బీపీ తక్కువ కాబట్టి నిద్రమందు పలచగా ఇవ్వాలి. అంటే ఆమెకు అప్పుడు జరిగింది మళ్లీ జరగడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"మల్ల గట్లనే అయితే?" అంది.

మంచిగ నిద్రపోతవ్ గంతే, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "కాదని ఒట్టు వెయ్యలేను" అన్నాను.

"నాకు మెలకువొచ్చిందని నీకెట్ల తెలుస్తది? రెప్ప లేవకపాయె, నోరు లేకపాయె."

నన్ను పరీక్షల్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఎన్నో అడిగారు. ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె చేతికి చుట్టిన బీపీ పట్టీ వైపు చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తోచింది. కట్టేసే మందు రక్తంలోనే కదా తిరుగుతుంది. మందు ఇచ్చేముందు ఆ పట్టీని గట్టిగా బిగిస్తే కింది చేతికి రక్తం పోదు, మందూ పోదు. ఒళ్లంతా కట్టుబడ్డా ఆ చెయ్యి కదులుతుంది. చాలాసేపు బిగించి ఉంచితే చెయ్యి చచ్చుబడుతుంది. మందు జోరు తగ్గేదాకా ఉంచి, ఆ తర్వాత వదులు చేయాలి. ఇది నా సొంత విద్యేనని కొన్నాళ్లు విర్రవీగాను. పై దేశంలో ఎవరో అప్పటికే చేశారని తర్వాత ఒక పెద్ద డాక్టరు చెప్పి నా గాలి తీశాడు.

"నీ కుడిచెయ్యి నీకే ఇడిచిపెడ్త. మెలకువొస్తే నా కొంగు గుంజు. ఆపరేషన్ ఆపిస్త, మత్తు పెంచుత."

"గా చెయ్యి ఒక్కటే నాదా?"

"ఒక్కటే."

కుడిచేతి వేళ్లు ఒకసారి ఆడించి చూసుకుంది. "సాలు. తీస్కపోండ్రి" అంది.

లోపలికి వెళ్లాక పెద్దసారు అడ్డం తిరిగాడు. "గా చెయ్యి కదిలితే నా ఆపరేషన్ ఏం గావాలెనమ్మా?" అన్నాడు. "చెయ్యి కదిలితే మీ నోరు మూసుకోవాలె సార్, ఇంకేంలేదు" అన్నాను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. థియేటర్లో ఉన్న సిస్టర్ గోడవైపు తిరిగి నవ్వుకుంది. నేను పట్టీ బిగించి, కొంగు ఆమె కుడిచేతిలో పెట్టి మత్తిచ్చాను. పెద్దసారు కత్తి చేతిలోకి తీసుకుని, మత్తులో ఉన్న మనిషితో, "జరంత కోస్తున్న తల్లీ" అన్నాడు. నేను పక్కకి చూశాను, నవ్వు ఆపుకోవడానికి కొంత, కళ్లు తుడుచుకోవడానికి కొంత.

ఆ రోజు థియేటర్లో అల్లుడి ఊసు లేదు, ఎమ్మెల్యే ఊసు లేదు. పేగు నల్లగా ఉంది కానీ ఇరుకు వదిలించి వేడి గుడ్డ కప్పితే మెల్లగా ఎర్రబడింది. పెద్దసారు దాన్ని లోపలికి పెడుతుండగా నా కొంగు కదిలింది. గాలి అనుకున్నాను. మళ్లీ కదిలింది. ఆమె వేళ్లు కొంగును పట్టి లాగుతున్నాయి.

"ఆగుండ్రి సార్!" అని అరిచాను. ఆయన పోలీసులను చూసినట్టు రెండు చేతులూ పైకెత్తాడు. నేను నిద్రమందు పెంచాను. బీపీ పడిపోతుందేమోనని నా ప్రాణం పోతోంది. ఆమె చెవి దగ్గర వంగి, "లచ్చవ్వా, తెలిసింది, ఇస్తున్న, ఇస్తున్న" అన్నాను. పిడికిలి కాసేపు బిగుసుకునే ఉండి, మెల్లగా వదులైంది. బీపీ నిలబడింది. అప్పుడు "కానియ్యుండ్రి" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తుంటే నాకే వెగటనిపించింది.

ఆ తర్వాత పెద్దసారు మారిపోయాడని రాస్తే మీరు నమ్మరు, నేనూ నమ్మను. నోరు అలాగే ఉంది. ఏదైనా వాగబోయే ముందు నా మొహం వైపు ఒకసారి చూసేవాడు, నేను తల ఊపితే అల్లుణ్ని తిట్టుకునేవాడు. మీకు ఇప్పుడు రకరకాల యంత్రాలున్నాయి, తెలివి ఉందో లేదో అంకెల్లో చూపిస్తాయట. చూడండి, మంచిదే. బల్ల దగ్గర మాత్రం పడుకున్న మనిషి వింటున్నట్టే మాట్లాడండి. వినకపోతే మీకు పోయేదేమీ లేదు.

సాయంత్రం వార్డుకు వెళ్లాను. లచ్చవ్వకు పూర్తిగా తెలివొచ్చింది. అత్త పిల్లను తెచ్చి ఆమె పక్కలో పడుకోబెట్టింది, కొంచెం భయంగానే, కానీ పడుకోబెట్టింది. పిల్ల ఆమె వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంటోంది. నాకు మాత్రం ఒకటే దిగులు. ఎంత నొప్పి అనుభవించిందో, ఎంతసేపు అనుభవించిందో.

"కొంగు గుంజినవ్ గద లచ్చవ్వా. బాగ నొప్పైందా?"

ఆమె నా వైపు చూసి, నేనే తెలివి తక్కువదాన్నన్నట్టు నవ్వింది.

"నొప్పి లేకుండె. నువ్వున్నవో, పోయినవో అని గుంజి సూసిన."